గంజి పెట్టిన నోటు

బ్యాంకులో నేను తిన్న మొదటి దెబ్బ ఇత్తడి చెంబుతో.

నిజాం కాలపు హాలీ సిక్కా ఇక చెల్లదని, ఉన్నవాళ్లు గడువులోగా తెచ్చి ఇండియా రూపాయలకు, అంటే కల్దార్‌కు మార్చుకోవాలని సర్కారు ఊరూరా టముకు వేయించిన రోజులవి. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్ రూపాయలు ఇచ్చేవాళ్లు. నల్గొండలో బ్యాంకు ముందు ఎండలో పెద్ద వరుస ఉండేది. గోడ తవ్వి తీసినవి, గరిసె అడుగున దాచినవి, చూరులో చెక్కినవి, అన్నీ మూటలు కట్టుకొని జనం వచ్చేవాళ్లు. నేను వరుసలో నిలబడేవాణ్ని కాదు. కిటికీ పక్కన చేరి, ఎవరి మూటలో ఏ నాణెం ఉందో, ఏ నోటు ఉందో మెడ సాచి చూసేవాణ్ని. నచ్చింది కనపడితే బ్యాంకు ఇచ్చేదానికన్నా ఒక అణా ఎక్కువిస్తానని గుసగుసలాడేవాణ్ని. ఒక ముసలాయన నన్ను దొంగనుకొని చెంబెత్తి నెత్తిన మోదాడు. నెత్తురు చెవి మీదికి కారింది. నేనూ ఊరుకోలేదు. ఆ చెంబే గుంజుకొని ఆయన భుజం మీద ఒకటి వేశాను. పోలీసాయన వచ్చి ఇద్దరికీ చెరొక లాఠీ దెబ్బ పంచి న్యాయం చేసి పోయాడు.

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. నాది చేతుల్లో ఉండేది. ముక్కు మీదిదైతే చీదితే పోతుంది. చేతుల్లోది ఎవరి ఒంటి మీదనో పడితే గాని పోదు. బడిలో పిల్లలు నన్ను చూస్తే పలకలు దాచుకునేవాళ్లు. నేను నల్గొండలో చిన్నబడి పంతులును. ఇల్లు పానగల్‌లో. పొద్దున నడిచి బడికి పోవడం, సాయంత్రం నడిచి ఇంటికి రావడం. నేతగాళ్ల ఇంట్లో పుట్టి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టకుండా తప్పించుకున్నందుకు నాకు కొంత పొగరు కూడా ఉండేది.

ఈ పాత సిక్కాల పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పలేను. చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటి జీతంలో వచ్చింది. రాత్రికి దాన్ని ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. ఇక మొదలు. గుట్ట మీది నరసింహస్వామి హుండీ చిల్లర భువనగిరి బ్యాంకుకు వస్తుందని తెలిసి అక్కడికి ఉరికాను. కుంకుమ అంటిన నాణేలు ఏరుకుంటుంటే వేళ్లు ఎర్రబడేవి. ఆదివారం సంత సొమ్ము సోమవారం జమవుతుందని బస్సెక్కి కొత్తకోటకు పోయాను. పాలమూరులో ఒక బట్టల దుకాణదారుకూ ఇదే పిచ్చి. ఇద్దరం ఒకే అర్ధ రూపాయి మీద చెయ్యి వేశాం. ఆయన కళ్లద్దాలు పగిలాయి, నా చొక్కా చినిగింది, ఖజాంచి ఇద్దరినీ బయటికి గెంటించాడు. నాణెం మాత్రం నా నోట్లో ఉంది. దాచడానికి వేరే జాగా దొరకలేదు.

అన్నింటికన్నా నేను వెతికింది ఒక వెనకటి రూపాయి నోటు. కొన్నాళ్లే నడిచి ఆగిపోయిన రకం. నా దగ్గర ఒకటి ఉండేది గానీ మూల చినిగినది, అంకెలు అలుక్కుపోయినది. నిండుగా ఉన్నది కావాలని మూడేళ్లు తిరిగాను. హైదరాబాదులో పాత సిక్కాలు కూడబెట్టే ముసలి వకీలు ఒకాయన, అలాంటిది దొరికితే నా నాలుగు నెలల జీతమంత ఇస్తానని కార్డు రాశాడు.

అది నల్గొండ బ్యాంకులోనే, దసరా ముందర, ఒక ఆడమనిషి కొంగుముడిలో కనపడింది.

నలభై ఏళ్లుంటాయేమో ఆమెకు. దేవరకొండ దిక్కు పల్లె. ముడి విప్పి నోట్ల కట్టను కిటికీలో పెట్టింది. కింద పది రూపాయల నోట్లు, పైన ఒక రూపాయి నోటు. కట్ట నడుమ బొటనవేలు దూరేంత తూటు. పైనున్న రూపాయి నోటు మీద అరచేతి వెడల్పున గోధుమరంగు మరక. ఆ మరక కిందినుంచి నాకు కనపడింది నేను మూడేళ్లుగా వెతుకుతున్న రకం.

ఖజాంచి వేలి కొసతో కట్టను వెనక్కి నెట్టాడు. "గీ తూట్ల నోట్లు చెల్లయమ్మా. తీస్కపో."

"ఎందుకు చెల్లయి? తూటు నేను పొడిచిన్నా? దొర మనిషి పొడిచిండు. పోయి వాన్నడుగు."

"జరుగు, జరుగు. ఎనక మంది ఉన్నరు."

ఆమె జరగలేదు. కిటికీ ఊచలు పట్టుకుంది. చప్రాసి వచ్చి జబ్బ పట్టి గుంజాడు. ఆమె విదిలించుకుంది. వాడు తోశాడు. మెట్టు అంచు తగిలి నుదురు చిట్లింది. లేస్తూనే ఆమె వాడి మణికట్టు పంటితో అందుకుంది. వాడు కేకలు పెడుతూ రెండో చేత్తో ఆమె వీపు మీద గుద్దుతున్నాడు, ఆమె వదలడం లేదు. వరుసలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు గానీ ఒక్కరూ కదల్లేదు. కదిలితే వరుసలో జాగా పోతుంది కదా.

నేను పోయి విడిపించాను. మంచివాణ్ని కాబట్టి కాదు. ఆ తోపులాటలో నోటు చినుగుతుందని భయపడ్డాను.

సోడా బండి నీడకు తీసుకుపోయి మొహం కడుక్కోమని నీళ్లిప్పించాను. ఆమె నీళ్లు నోట్లో పోసుకొని పుక్కిలించి, చప్రాసి నెత్తుర్ని ఉమ్మేసింది. తర్వాత చెప్పింది. రజాకార్ల కాలంలో ఆమె భర్త ఎద్దునమ్మి, పైసలు మొలకు కట్టుకొని వస్తుంటే, తోవలో దొర మనిషి బరిసెతో పొడిచాడు. కౌలు కట్టకుండా దున్నినందుకు. బరిసె పైసల సంచిలోంచి కడుపులోకి దిగింది. సంచిని ఆమె మూట కట్టి గోడలో పెట్టి మెత్తింది. పదేళ్లు తీయలేదు.

"గియ్యాల తాసీలు కచ్చేరిల పట్టా పైసలు కట్టాలె. కట్టకుంటే నా మొగడు చచ్చిన జమీను మల్ల దొరకే పోతది. గందుకే తీసిన."

నేను అప్పుడే జీతం తీసుకొని ఉన్నాను. జేబులో కల్దార్ ఉంది. మొత్తం కట్ట నాకిస్తే ఇప్పుడే సొమ్మిస్తానన్నాను. ఆమె పది రూపాయల నోట్లు నా ముందు పెట్టింది. మరక నోటును మాత్రం గుప్పిట్లో పెట్టుకుంది.

"అదియ్యకుంటే నేనేమీ ఇయ్య," అన్నాను. చిన్నబడి పిల్లవాణ్ని బెదిరించినట్టు బెదిరించాను.

ఆమె గుప్పిట కొంచెం సడలించింది. "అయితే నీ దగ్గర ఉండనీ. ఆముదాలు అమ్మినంక రూపాయి తెచ్చిచ్చి తీస్కపోత. గది నా బిడ్డ ఓలి."

మా దిక్కు కొన్ని కులాల్లో పెండ్లికి పిల్లవాడి వైపువాళ్లు పిల్ల వైపువాళ్లకు ఓలి అని సొమ్ము ఇవ్వాలి. నెత్తురు నోటు ఓలి ఎట్లా అవుతుందని అడిగాను.

"నాకు కొడుకుల్లేరు సారూ. ఒక్కతే బిడ్డ. బరిసె పొడిచినోడు ఇంకా ఊర్లె మీసం దువ్వుకుంట తిరుగుతాండు. నా బిడ్డను చేసుకుంటనన్న పిలగానికి చెప్పిన, ఓలి పైసలొద్దు, వాని పానం గావాలె అని. పిలగాడు ఒప్పుకున్నడు. ఒట్టి మాట మీద చెయ్యి లేవదు, మామ నెత్తురు సూపెట్టు, దాని మీద ఒట్టు పెట్టుకుంట అన్నడు." నోటు నా చేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూసింది. "జర పైలం. కడగకు."

"కడగ," అన్నాను.

ఒక మనిషి ప్రాణం, ఒక పిల్లవాడి మెడకు ఉరితాడు, ఆ పిల్ల బతుకు, అన్నీ ఆ కాగితానికి కట్టి ఉన్నాయని నాకు అర్థం కాక కాదు. దాన్ని అంచులు నలగకుండా పానగల్ దాకా ఎట్లా తీసుకుపోవాలన్నదే అప్పుడు నా ఫికరు.

నెల జీతం చెల్లని నోట్లకు పోసి వచ్చానని అమ్మ వారం రోజులు తిట్టింది. బాపు ఏమీ అనలేదు. ఆయన మాటలు తక్కువ మనిషి. మగ్గమే ఆయన మాట. పొద్దుటినుంచి గుంటలో కూర్చొని పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసురుతూనే ఉండేవాడు. పోగు తెగితే ముడి వేసి, వంగి కొసను ముందుపంటితో టక్కున కొరికేవాడు. కత్తెర ముట్టేవాడు కాదు. ఆ టక్కు శబ్దం వింటూ నేను పెరిగాను.

ఆముదాల కోతలు అయిపోయే రోజులు వచ్చాయి. ఆమె ఇక ఏ వారంలోనైనా రావచ్చు. వకీలుకు నోటు సంగతి రాస్తే, తూటున్నా సరే, అది నిజంగా మనిషి నెత్తురే అయితే ఇంకా మంచిది, రేటు పెంచుతాను, తీసుకొని రా అని జవాబు వచ్చింది. నోటు పోయిందని ఆమెతో అబద్ధమాడదామని తీర్మానించుకున్నాను. ఒక ఆడమనిషి నన్నేం చేస్తుంది? ఆదివారం హైదరాబాదు పోవాలని, శుక్రవారం పొద్దున పెట్టెలోంచి నోటు తీసి చూసుకున్నాను. బడికి వేళైంది. దాన్ని మగ్గం పక్కన గూట్లో పెట్టి పరుగెత్తాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బాపు గుమ్మంలో కూర్చొని ఉన్నాడు. ఆ వేళ ఆయన మగ్గం దిగడం నేనెప్పుడూ చూడలేదు. మొహం వెలిగిపోతోంది. ఒళ్లో కొత్త ధోవతి ముక్క, దాని మీద నోటు.

"సూడు బిడ్డా. ఎట్ల జేసిన్నో సూడు."

తెల్లగా ఉంది. కుంకుడు నురుగులో నానబెట్టి, మగ్గం మీది పడుగు పోగులకు పెట్టే గంజే పలుచగా పెట్టి, నీడకు ఆరేసి, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ముడత పోయేదాకా రుద్దాడు. అంతటితో ఆగలేదు. ఆ తూటుకు పట్టుపోగుతో రఫ్ఫు చేశాడు. వెంట్రుకంత సన్నటి పోగులు, నిలువూ అడ్డమూ. చీరకు నిప్పురవ్వ పడి తూటైతే ఎట్లా చేస్తాడో అట్లాగే. దగ్గర పెట్టుకొని చూస్తే గాని తెలియదు. మెత్తబడ్డదేదైనా నేతగాడి చేతికి దొరికితే దానికి గంజి పెట్టకుండా ఉండలేడు. పాపం, ఆయనకు తెలిసిన మర్యాద అదే.

నాకు అప్పుడు పాపం అనిపించలేదు. కళ్లు మసకలు కమ్మాయి. మగ్గం మీద నాడె ఉంది, రెండు కొసలా ఇనుప మొనలున్నది. అది నా చేతిలోకి ఎట్లా వచ్చిందో తెలియదు అని చెప్పుకోవచ్చు. చెప్పుకోను. నాకు తెలుసు. ఎత్తాను, మా బాపు నోటి మీద కొట్టాను.

ఆయన వెనక్కి మగ్గం మీదికి ఒరిగాడు. తెల్లటి పడుగు మీద నెత్తురు బొట్లు బొట్లుగా పడింది. అమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చి నన్ను చీపురుతో, తర్వాత పీటతో, తర్వాత ఒట్టి చేతులతో కొట్టింది. నేను నిలబడి ఉన్నాను. బాపు లేచి కూర్చున్నాడు. నోట్లో వేళ్లు పెట్టి ముందుపన్ను తీసి గూట్లో పెట్టాడు. తర్వాత తడిగుడ్డ తెచ్చి, తన మూతి కాదు, పడుగు తుడవడం మొదలుపెట్టాడు.

"పచ్చి నెత్తురైతె ఉత్త నీళ్లకే పోతది," అన్నాడు, వాచిన పెదవులతో, ఎవరితోనో అన్నట్టు. "ఎండినదానికే కుంకుడు గావాలె."

ఆ మాట అర్థం చాలా రోజులకు గాని నా బుర్రకెక్కలేదు. ఆయన ఆ నోటును మురికనుకొని కడగలేదు. నెత్తురని తెలిసే కడిగాడు.

నాకు అప్పుడున్న ఫికరు వేరే. నోటు వకీలుకూ పనికిరాదు, ఆమెకూ పనికిరాదు. పోయిందని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, దాన్ని అమ్ముకున్నానని ఆమె అనుకుంటుంది, బడి ముందు నిలబడి బజారుకీడుస్తుంది, చప్రాసి మణికట్టు నేను చూశాను. దొంగలా దాక్కోవాల్సిన ఖర్మ నాకేమిటని పంతం కూడా వచ్చింది. పంతం వచ్చినప్పుడు నా బుద్ధి గడ్డి తింటుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అమ్మ బావి దగ్గరికి పోగానే, గుడ్లు పెట్టే మా ఎర్రకోడిని పట్టుకొని గొంతు కోశాను. నా దగ్గరున్న మూల చినిగిన నోటును దబ్బనం ఎర్రగా కాల్చి తూటు పొడిచి, తిప్పి తిప్పి బొటనవేలంత చేశాను. చినిగిన మూల తడిసేటట్టు నెత్తుట్లో ముంచాను. పెంకుల మీద ఎండబెట్టాను. సాయంత్రానికి గోధుమరంగు తిరిగింది. మూడేళ్లు అసలుదేదో నకిలీదేదో ఏరిన కళ్లతో చూసుకున్నాను. బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా.

బాపు మగ్గంలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. కోడిని అమ్మ ఏడుస్తూనే వండింది. ఆ పూట ఆయన తినలేదు. తినలేకపోయాడు, ముక్క కొరకడానికి పన్ను లేదు.

మంగళవారం పొద్దున, నేను చెప్పిన గుర్తుల మీద ఇల్లు వెతుక్కుంటూ వాళ్లు వచ్చారు. ఆమె, వెనక ఆమె బిడ్డ, ఆ వెనక పిల్లవాడు. పిల్లకు పద్దెనిమిదేళ్లుంటాయి. తల్లి లాగే ఎముకలు తేలిన మొహం, తల వంచుకోదు. పిల్లవాడికి నూనూగు మీసం. ఎడ్ల బండి తోలే చేతులు గట్టిగా ఉన్నాయి గానీ గుటకలు మింగుతున్నాడు. ఆమె కొంగు విప్పి చార్మినార్ వెండి రూపాయి ఒకటి అరుగు మీద పెట్టింది.

"అన్న మాట ప్రకారం అచ్చిన సారూ. నాది నాకియ్యి."

కోడి నెత్తుటి నోటు తెచ్చి ఇచ్చాను.

ఆమె రెండు చేతులతో తీసుకుంది. కళ్లకద్దుకుంది. ఒక్కసారి కూడా అనుమానంగా చూడలేదు. నేను ఏ లోపం పట్టుకుంటుందోనని చెమటలు కారుస్తుంటే, ఆమె ఆ కోడి నెత్తురుకు చెంప ఆనించి, భర్తను పిలిచినట్టు ఏదో పిలుచుకుంది. చూడలేక తల తిప్పుకున్నాను. ఆమె నోటును పిల్లవాడి ముందుకు చాచింది.

"గిదిగో. నెత్తురు అడిగినవు గదా. చెయ్యి పెట్టు."

పిల్లవాడు పిల్ల వంక చూశాడు. పిల్ల వాడి వంక చూడలేదు, తల్లి వంక చూస్తోంది. వాడు బొటనవేలు మరక మీద పెట్టాడు.

"మామ నెత్తురు మీద ఒట్టు," అన్నాడు. "ఈ అమాస లోపల వాణ్ని..."

మగ్గం ఆగింది. ఆ ఇంట్లో ఆ చప్పుడు ఆగితే చెవులు దిబ్బెళ్లు పడ్డట్టుంటుంది. బాపు గుంటలోంచి లేచి, గోడ పట్టుకొని అరుగు మీదికి వచ్చాడు. మూతి ఇంకా నీలంగా వాచి ఉంది.

"ఒట్టు పెట్టకు కొడుకా," అన్నాడు. "అది కోడి నెత్తురు."

పిల్లవాడు నిప్పు తగిలినట్టు చెయ్యి తీసుకొని ధోవతికి తుడుచుకున్నాడు. బాపు ధోవతి మడతలోంచి ఆ తెల్లటి నోటు తీసి ఆమె ముందు పెట్టాడు.

"మీ ఆయినది గిది, చెల్లె. నేనే కడిగిన. తూటు నేనే పూడ్సిన. కొట్టేదుంటె నన్ను కొట్టు."

ఆమె ముందు నన్నే కొట్టింది. జుట్టు పట్టి అరుగు మీదినుంచి ఈడ్చి, గోళ్లతో మొహం చీరి, వెండి రూపాయిని గుప్పిట్లో బిగించి కనుబొమ్మ మీద గుద్దింది. నా కంటి మీదినుంచి నెత్తురు కారుతోంది. "నా మొగన్ని కోడిని జేసినవ్‌రా! నా మొగడు నీకు కోడి లెక్క అయిండారా!" అని అరుస్తోంది. నా చేతులు ఆ రోజు లేవలేదు. జీవితంలో అదే మొదటిసారి.

నన్ను వదిలి బాపు వైపు తిరిగింది. చెయ్యెత్తింది. ఆయన కదలకుండా నిలబడ్డాడు. ఆ వాచిన మూతి, పన్ను ఊడిన సందు అప్పుడు చూసింది. చెయ్యి అట్లాగే ఆగింది.

"నిన్నెవరు కొట్టిండ్రన్నా?"

బాపు చెప్పలేదు. గుమ్మంలోంచి అమ్మ చెప్పింది. "ఇంకెవరు? నా కడుపుల పుట్టినోడే. గీ కాయితం కోసం."

ఆమె చెయ్యి దించి అరుగు మీద కూలబడింది. తెల్లటి నోటు తీసుకొని, తూటున్న చోట బొటనవేలు పెట్టి తడిమింది. వేలు దూరలేదు. మళ్లీ తడిమింది. గోడలోంచి తీసిన రోజు ఆ వేలు అందులో దూరింది కాబోలు. గోరుతో రఫ్ఫు పోగును లాగబోయింది.

పిల్ల వంగి ఆ నోటును తల్లి చేతిలోంచి తీసుకుంది. ఎండలోకి ఎత్తి అటూ ఇటూ చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గంజి వాసనొస్తాంది," అంది.

మడత పెట్టలేదు. మడిస్తే గంజి విరుగుతుందని ఎవరు చెప్పారో, అరచేతులు రెంటి మధ్యా పెట్టుకుంది. పిల్లవాడితో, నేనిప్పటికీ మరిచిపోని గొంతుతో అంది.

"నా ఓలి నాకు ముట్టింది. ఇగ నడువు."

తల్లి ఆమె మీదికి లేచింది. "తండ్రి నెత్తురు అమ్ముకున్నవే లంజె!" అని వీపు మీద దభదభ గుద్దింది. పిల్ల నోటును రొమ్ముకు ఆనించుకొని, గుద్దులు తింటూనే నడిచింది. పిల్లవాడు వెనక నడిచాడు. నల్గొండ దారి మలుపు తిరిగేదాకా ఆ గుద్దులు వినపడ్డాయి. కోడి నెత్తుటి నోటు అరుగు మీదే పడి ఉంది. అమ్మ దాన్ని చీపురుతో ఊడ్చి పొయ్యిలో వేసింది.

ఆ తర్వాత వాళ్లను నేను చూడలేదు. కొన్నేళ్ల పాటు పేపరు చేతికొస్తే ముందు హత్యల వార్తలు చదివేవాణ్ని, ఆ ఊరి పేరు ఉందేమోనని. ఎప్పుడూ కనపడలేదు. పేపరుకు ఎక్కని చావులు మా దిక్కు ఎన్నో ఉన్నాయి కాబట్టి, దాంతో నా మనసు కుదుటపడిందని చెప్పను. పిల్ల గెలిచిందనే అనుకుంటాను. అనుకోవడం నాకు కావాలి.

బ్యాంకుల వెంట తిరగడం మానేశాను. హాలీ సిక్కా గడువు కూడా తీరిపోయింది. ఉన్న నాణేలు పాలమూరు దుకాణదారుకే ఇచ్చేశాను, కళ్లద్దాల ఖరీదు కింద. ఆయన నవ్వి టీ తాగించాడు. నా కనుబొమ్మ మీది గీత చూసి ఎవరు కొట్టారని అడిగితే, చార్మినార్ రూపాయి అన్నాను. ఆయనకు అది వేళాకోళంగా తోచింది.

పిల్లల్ని కొట్టడం కూడా మానేశాను. అది చెప్పుకోవాల్సిన గొప్ప కాదు.

బాపు నాతో మామూలుగానే ఉన్నాడు. అన్నం తిన్నావా అని అడిగేవాడు, బడి ఎట్లా ఉందని అడిగేవాడు. ఒక్క మాట ఎత్తిపొడవలేదు. అయితే పోగు తెగితే ముడి వేసేవాడు, అలవాటుగా వంగేవాడు, కొసను పంటికి అందించుకునేవాడు. అక్కడ పన్ను లేదు. పోగు చిగురు మీద జారిపోయేది. అప్పుడు, వంటింట్లో ఎంత పనిలో ఉన్నా సరే, అమ్మను పిలిచేవాడు. అమ్మ పిండి చేతులతో వచ్చి, మగ్గం మీదికి వంగి, టక్కున కొరికి పోయేది. రోజుకు ఇరవైసార్లు, ముప్పైసార్లు. నేను ఆ పక్కనే, చేతికందేంత దూరంలో కూర్చొని బడి పుస్తకాలు దిద్దుకుంటూ ఉండేవాణ్ని. నా పళ్లు ముప్పైరెండూ గట్టిగా ఉండేవి. ఒకటి రెండుసార్లు నేనే లేచి, "ఇటియ్యి బాపూ, నేను కొరుకుత," అన్నాను. "ఉండనీ బిడ్డా, మీ అమ్మ వస్తది," అన్నాడు, చాలా మెత్తగా.

పంతొమ్మిదివందల అరవైల నడుమ ఒక ఎండాకాలం అమ్మ పోయింది. దినాలు అయిపోయిన మర్నాడు పొద్దున బాపు పై కండువా వేసుకొని, నాతో చెప్పకుండా, నడిచి నల్గొండ పోయాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు.

కత్తెర కొనుక్కొచ్చుకున్నాడు.